కోఠి రెసిడెన్సీ స్తంభాలు అడిగినవారికి: ఈ సీజన్ ఆర్డర్ల సంగతి

ముందుగా చెప్పాల్సిన మాట: మాకు అప్పగించిన సున్నపు పూత వరండా స్తంభాల పనులన్నీ ఆరు వారాలు వెనక్కి జరిగాయి. నెపం వానల మీదికి నెట్టలేం. ఒక విడత సున్నం సరిగా మాగకుండానే బయటికి వెళ్లింది, తప్పు మాదే. నీరు పట్టని పచ్చి గింజలు సున్నంలో మిగిలితే, గోడెక్కాక తేమ పీల్చి ఉబ్బుతాయి. పూత మీద శనగగింజంత పొక్కు లేచి రాలుతుంది. రెండిళ్లలో అదే జరిగింది. అక్కడ పైపూత మొత్తం గీకి మళ్లీ వేస్తున్నాం, ఖర్చు మాదే. ఇకమీదట పైపూత సున్నం మూడు నెలలు నీళ్లలో మాగాకే, సన్న జల్లెడ పట్టాకే పంపుతాం.

ఇక స్తంభాలు. సగం మంది హైదరాబాద్ కోఠి రెసిడెన్సీ ముఖద్వారం ఫొటో పంపి 'ఇలాంటివే కావాలి' అంటున్నారు. అది నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, 1803లో మొదలైన భవనం. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. అమెరికా వైట్‌హౌస్‌కు నకలు అంటుంటారు కానీ, రెండింటి మూలమూ 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతే. గుడి ముందుభాగంలా స్తంభాల వరస, దాని మీద త్రికోణ శిఖరం తెచ్చి నివాస భవనానికి పెట్టడం ఆయన అలవాటు. ఆయన విల్లాలు చాలావరకు ఇటుకే, పైన సున్నపు పూత. దూరం నుంచి రాయిలా కనిపిస్తాయి. కాబట్టి ఇటుకతో కడితే 'నకిలీ' అవుతుందేమోనన్న బెంగ వద్దు.

రెసిడెన్సీ ముందువైపు ఆరు కొరింథియన్ (తలపై ఆకుల చెక్కడం ఉండే) స్తంభాలు, ఎత్తు సుమారు 40 అడుగులు. ఈ రకం స్తంభానికి పీఠం, తల కలుపుకొని ఎత్తు, కిందిభాగపు వ్యాసానికి పదింతలు ఉండాలి. మీ వరండా 12 అడుగులైతే వ్యాసం 14.4 అంగుళాలు. 9 అంగుళాల పైపు చుట్టూ ఆకులు అతికిస్తే కర్రకు కాలీఫ్లవర్ గుచ్చినట్టుంటుంది. మూడో వంతు ఎత్తు వరకు నిటారుగా లేపి, అక్కడి నుంచి సన్నం చేస్తూ పైన 12 అంగుళాలకు తేవాలి. ఆకుల తల ఎత్తు 17 అంగుళాలు, కింది పీఠం 7 అంగుళాలు. రెసిడెన్సీ తోటలో ఆ భవనానికే బుల్లి నమూనా ఒకటుంది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా కోసం కట్టించాడని చెబుతారు. చిన్నది చేయాలంటే అన్ని కొలతలూ కలిసి తగ్గాలని దాన్ని చూస్తే తెలుస్తుంది.

పూత లెక్క ఇది. లోపలి ఇటుక స్తంభం కిందిభాగంలో సుమారు 12.3 అంగుళాలు. మొదటి రెండు పూతలు చెరో 12 మిల్లీమీటర్లు, ఒక పాలు డంగు సున్నానికి (గానుగలో నూరిన సున్నం) మూడు పాళ్లు ఇసుక. తేమ తగిలే చోట ఇసుకలో ఒక పాలు తగ్గించి సుర్ఖీ (ఇటుక పొడి) కలుపుతాం. పైపూత 3 మిల్లీమీటర్లు, సున్నం, పాలరాతి పొడి సమపాళ్లలో. కరక్కాయ నీళ్లు, బెల్లం వేస్తాం. బెల్లం మోతాదు మించితే పూత గట్టిపడటం ఆలస్యమై చీమలు, బూజు వస్తాయి. ఒక పూత గట్టిపడకముందే మరొకటి వేస్తే వెంట్రుక పగుళ్లు ఖాయం. రెండు వారాలు తడి గోనె కప్పి ఉంచాలి. ఎండలో 'త్వరగా ఆరిపోయింది' అంటే పాడైపోయిందనే అర్థం.

పాత సున్నపు గోడ మీద సిమెంటు పూత వేయమని అడిగినవారికి మా జవాబు కాదనే. లోపలి తేమ బయటికి పోలేక, ఉప్పు పేరుకుని, ఇటుకతో సహా పెచ్చులూడుతుంది.

మరొకటి. రెసిడెన్సీ రక్షిత కట్టడం, 1949 నుంచి మహిళా కళాశాలగా ఉండి, 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా మారిన ప్రాంగణం. అచ్చు తీయడానికి, పూత గీకి నమూనా తేవడానికి మమ్మల్ని అడగొద్దు. ఫొటోలు, కొలతల లెక్కలు చాలు. మీ ఇల్లే వారసత్వ జాబితాలో ఉంటే రాతపూర్వక అనుమతి లేకుండా పరంజా కూడా కట్టం.

కొత్త ఆర్డరిచ్చేవారు వరండా నేల నుంచి దూలం అడుగు వరకు ఎత్తు, స్తంభాల మధ్య దూరం, గోడ అడుగున తెల్లటి ఉప్పు కనిపించే చోటు ఫొటో పంపండి. ఉప్పు ఉంటే ముందు నీటి దారి సరిచేయాలి, ఆ తర్వాతే తేదీ చెబుతాం.