పులిజూదానికీ ఒక మంచి పీట కావాలి

సంపాదకుల గారికి,

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మొన్న వీడియో కాల్‌లో నల్లరాళ్లు, తెల్లరాళ్లు పెడుతూ ఇద్దరు ఆడే గో అనే ఆటకి వాడే చెక్క పీట చూపించాడు. నేల మీద కూర్చుని ఆడటానికి నాలుగు పొట్టి కాళ్లు, పైన అడ్డంగా 19 గీతలు, నిలువుగా 19 గీతలు, అంతే. కానీ దాని వెనక ఉన్న ఓపిక చూడండి! కయ అనే చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, మంచి పీట రావాలంటే వందల ఏళ్ల మాను కావాలి, కోసిన దిమ్మెని పగుళ్లు రాకుండా ఏళ్ల తరబడి ఆరబెడతారు. కత్తి అంచుకి నల్లరంగు పూసి ఒక్కో గీతా అద్దుతారు. రాయి పెట్టినప్పుడు వచ్చే టక్ శబ్దం బాగుండాలని అడుగున చిన్న గుంట కూడా తొలుస్తారట, అది విని ఆశ్చర్యపోయాను.

మనకి పులిజూదం లేదా? చిన్నప్పుడు మా నాయనతో గుడి మండపంలో, బండ మీద చెక్కిన గీతల మీదే చింతగింజలతో ఆడేవాడిని. ఏర్పేడు దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు అంత బాగా చెక్కే పనివాళ్లున్నారు కదా, వాళ్లతో పులిజూదం పీటలు చేయించి తిరుపతి దుకాణాల్లో అమ్మించే ఏర్పాటు అధికారులు చేయాలి. మొదటిది నేనే కొంటాను.

— ఒక పాఠకుడు, తిరుపతి