టైపుకు పేరు పెట్టడం ల్యాబ్‌లోనే నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కాలేజీల్లో సీ, సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలు చదివే పిల్లలకు, విలువను దాచే వేరియబుల్‌కు అర్థమయ్యే పేరు పెట్టమని అందరం చెబుతాం. ఆ విలువ ఏ రకందో చెప్పే టైపు పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం, టైపుకు మారుపేరు పెట్టే టైప్‌డెఫ్ మీద రెండు మార్కుల ప్రశ్నతో సరిపెడుతున్నాం. పిల్లలు తడబడేది అక్కడే.

సీలో 'ఇంట్ *ఏ[10]' అంటే పది పాయింటర్లున్న (మెమరీ చిరునామాలున్న) అర్రే, అంటే వరుస. 'ఇంట్ (*ఏ)[10]' అంటే పది ఇంట్‌లున్న (పూర్ణాంకాలున్న) అర్రేకు ఒక పాయింటర్. పేరు దగ్గర మొదలుపెట్టి ముందు కుడికి, తర్వాత ఎడమకు చదవాలి. బ్రాకెట్ అడ్డొస్తే లోపలిది ముగించాకే బయటికి రావాలి. ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడిన టైపులు రెండు అంచెల వరకు ఉంటే ఇది చాలు. మూడో అంచె వచ్చిందంటే లోపలి దానికి పేరు పెట్టాల్సిందే.

ఊరూరి బోరునీళ్లలో ఫ్లోరైడ్ లెక్కనే తీసుకుందాం, నల్లగొండకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంది? సీ ప్లస్ ప్లస్‌లో ఊరి పేరుకు స్ట్రింగ్ (అక్షరాల వరుస), తేదీ-మోతాదుకు పెయిర్ (జంట), ఆ పెయిర్లకు వెక్టర్ (పెరిగే వరుస), మొత్తానికి ఊరి పేరుతో వెతికే మ్యాప్. మ్యాప్‌కు మనం ఇచ్చేవి రెండు టైపులే అయినా, పోల్చే పద్ధతి, మెమరీ కేటాయింపు అనే మరో రెండింటిని అది తనంతట తానే కలుపుకుంటుంది. స్ట్రింగ్ కూడా లోపల పెద్ద టెంప్లేటే, అంటే టైపులు నింపుకునే అచ్చే. అందుకే చిన్న పొరపాటుకు, ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ పేజీ నిండా తిట్టిపోస్తుంది. అందులో ముందు చూడాల్సింది మొదటి 'ఎర్రర్' మాట, మన ఫైల్‌లోని లైను నంబరు.

సరిచేయడం పెయిర్‌తో మొదలవ్వాలి. 'ఫస్ట్', 'సెకండ్' అని ఉంటే ఏది తేదీయో, ఏది మోతాదో చదివేవారికి తెలియదు. తేదీ, మోతాదు అనే రెండు సభ్యులతో 'కొలత' అనే స్ట్రక్ట్ (మనమే కట్టుకునే కొత్త టైపు) రాయాలి. ఆ తర్వాత 2011 ప్రమాణంలో వచ్చిన 'యూజింగ్'తో మ్యాప్‌కు 'ఊళ్ల పట్టిక' అని పేరివ్వాలి. టైప్‌డెఫ్ టెంప్లేట్ పారామీటర్లు తీసుకోదు, యూజింగ్ తీసుకుంటుంది. అయితే మారుపేరు పొట్టిగా చేసేది మన ఫైల్‌నే. ఎర్రర్‌లో కంపైలర్ దాన్ని చాలాసార్లు విప్పేసి మళ్లీ పొడుగ్గానే చూపిస్తుంది. స్ట్రక్ట్ పేరు మాత్రం అలాగే నిలుస్తుంది, కాబట్టి స్ట్రక్ట్‌కే మా ఓటు.

మారుపేరు కొత్త టైపు కాదన్నది పాఠాల్లో ఎక్కువగా జారిపోయే సంగతి. అడుగుల్లో 'లోతు', లీటరుకు మిల్లీగ్రాముల్లో 'మోతాదు' రెండూ డబుల్‌కే (దశాంశ సంఖ్యల టైపుకే) మారుపేర్లైతే, ఫంక్షన్‌కు వాటిని తారుమారుగా పంపినా కంపైలర్ కిక్కురుమనదు. ఫ్లోరైడ్ 1.5 దాటిందా అని చూడాల్సిన చోటికి 300 అడుగుల లోతు చేరుతుంది. రెండూ వేర్వేరు స్ట్రక్ట్‌లైతే ఆ తప్పు కంపైల్ దగ్గరే ఆగుతుంది.

పాయింటర్‌ను టైప్‌డెఫ్ వెనక దాచడం ఇంకో చిక్కు. 'చార్ *'కు (అక్షరాలను చూపే పాయింటర్‌కు) మారుపేరు పెట్టి దాని ముందు, మారకూడదని చెప్పే 'కాన్స్ట్' రాస్తే మారకుండా ఉండేది పాయింటరే, అక్షరాలు కాదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (మూలభాగం) కోడింగ్ నియమాలు ఈ అలవాటును వద్దనే అంటాయి. ఇక టైపును కంపైలర్‌కే వదిలేసే 'ఆటో', పట్టికలో ఒక్కో అంశాన్ని చూపే ఇటరేటర్ల దగ్గర హాయి. నేర్చుకునే దశలో ప్రతిచోటా వాడితే టైపులే కనబడవు.

ల్యాబ్ పరీక్షలో టైప్‌డెఫ్ నిర్వచనం అడగడం మానేసి, మూడంచెల టైపు ఉన్న ప్రోగ్రామ్ ఇచ్చి దాన్ని చదవగలిగేలా మార్చమని అడగాలి. ఐదు మార్కులిచ్చినా తప్పులేదు.

— కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, నల్లగొండ