నా ట్యాంక్ నాచు సంగతి, ఐదు చేపలు ఇచ్చేస్తున్న సంగతి

అందరికీ నమస్కారం. నిన్న నేను పెట్టిన ఫొటోలో నాచు పట్టిన నా చేపల ట్యాంకు చూసి "అన్నా, అద్దానికి పచ్చ రంగు వేయించావా?" అని అడిగిన తమ్ముడికి జవాబు ఇది. 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో 14 చేపలు పెట్టాను. తప్పు నాదే. మొన్న నీళ్లు టెస్ట్ చేస్తే గొట్టంలో ముదురు ఎరుపు తిరిగాయి, నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి వచ్చి నాచును పెంచేది) 80 పీపీఎం, అంటే లీటరుకు దాదాపు 80 మిల్లీగ్రాములు!

20 శాతం నీళ్లు మారిస్తే 80 కాస్తా 64 అవుతుంది, అంతే. మూడుసార్లు మార్చినా 41 దగ్గరే ఉంటుంది, అదీ మధ్యలో చేపల వ్యర్థాల వల్ల కొత్తగా నైట్రేట్ చేరకపోతే. అందుకే మేత సగానికి తగ్గించాను. ఫ్రోజెన్ మేత కరిగిన నీళ్లు ట్యాంకులో పోయకండి, నాచును పెంచే ఫాస్ఫేట్ అందులో కొంత ఉంటుంది. టీ వడకట్టే జల్లెడలో వేసి కడిగితే చాలు (ఇంట్లో వేరే జల్లెడ కొనమన్నారు, కొన్నాను).

ఒడిశా గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉందిగా, నీళ్లు డబ్బాలతో తెచ్చుకుందాం అంటున్నారు కొందరు. ఈ వానల్లో వద్దు. ఒడ్డు దగ్గర నీళ్లలో మురుగు, పొలాల ఎరువు కలుస్తాయి, ఉప్పదనం కూడా పడిపోతుంది. నేను ఆర్ఓ నీళ్లలోనే ఉప్పు కలిపి సాంద్రత 1.025 దగ్గర ఉంచుతున్నా.

ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో (సంప్) కీటోమార్ఫా అనే దారాల్లాంటి పచ్చ నాచు వేసి రాత్రిపూట లైటు పెట్టాను. అది నైట్రేట్ తిని పెరుగుతుంది, పిడికెడు తీసి పారేస్తే ఆ మేరకు బయటికి పోయినట్టే.

ఇక ఐదు డామ్సెల్ చేపలు (చిన్నవే, కానీ దూకుడువి) ఉచితం. ఆదివారం సాయంత్రం మూత ఉన్న బకెట్ తెచ్చుకోండి. నెమ్మది చేపలు ఉన్నవాళ్లు మాత్రం అడగొద్దు, ఇవి తరిమి తరిమి కొడతాయి.