నోట్సులోనే ఆగిపోతున్న కంపైలర్ పాఠం

ఎడిటర్ గారికి నమస్తే,

మీ చదువుల పేజీలో పైథాన్ గురించి తరచూ రాస్తున్నారు, సంతోషం. కానీ ఎప్పుడు చూసినా డేటా సైన్స్, ఏఐ, అంతే. నేను ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా కంపైలర్ డిజైన్, అంటే మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ పాఠం, చెబుతున్నాను. మా పిల్లలు త్రీ అడ్రస్ కోడ్ (కంపైలర్ మధ్యలో తయారు చేసుకునే కోడ్) గడగడా రాసేస్తారు, మార్కులూ పడతాయి, కానీ ఆ కోడ్ ఒక ప్రోగ్రాంగా మారి నడవడం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చూడకుండానే పట్టా పట్టుకుని వెళ్లిపోతున్నారు.

అది చూపించడానికి పైసా ఖర్చు లేదు. 2000లో ఇలినాయ్ యూనివర్సిటీలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే మొదలుపెట్టిన, కంపైలర్లు కట్టుకోవడానికి పనికొచ్చే ఎల్ఎల్‌వీఎం అందరికీ ఉచితమే, దాన్ని పైథాన్‌ నుంచి వాడుకోవడానికి ఎల్ఎల్‌వీఎంలైట్ అనే లైబ్రరీ ఉంది. మెయిన్ ఫంక్షన్ పెట్టి, అందులో రెండు అంకెలు కూడి రిటర్న్ చేసే ఇంటర్మీడియట్ కోడ్ తయారు చేయడానికి ఇరవై లైన్లు చాలు. ఆ తర్వాత, ఏ రకం కంప్యూటర్‌కు కోడ్ కావాలో చెప్పే టార్గెట్ మెషీన్‌ను ‘ఎమిట్ ఆబ్జెక్ట్’ అని అడిగితే మెషీన్ కోడ్ బైట్లు చేతికొస్తాయి, ఫైల్లో రాసుకోవడమే, అదే ఆబ్జెక్ట్ ఫైల్.

పిల్లలు తడబడేది ఇక్కడే. ఆబ్జెక్ట్ ఫైల్ రాగానే రన్ చేయబోతారు, అది నడవదు. పోనీ ఎల్‌డీ అనే లింకర్‌తో (విడి ముక్కలను కలిపి నడిచే ప్రోగ్రాంగా చేసేది) నేరుగా లింక్ చేస్తే ‘స్టార్ట్’ గుర్తు దొరకలేదంటుంది, ఎందుకంటే మెయిన్‌ను పిలిచే చిన్న ముక్క వేరే ఉంటుంది, జీసీసీ అనే కంపైలర్‌తో లింక్ చేస్తే అదే కలుపుతుంది. తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ వాడితే ఉబుంటు లైనక్స్‌లో రీలొకేషన్ ఎర్రర్ (అడ్రస్‌లు సర్దడంలో వచ్చేది) రావచ్చు. టార్గెట్ మెషీన్ తయారు చేసేటప్పుడే రీలొక్ దగ్గర ‘పిక్’ (మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచే కోడ్) అని ఇవ్వాలి, ఇది తెలియక నాకు రెండు రాత్రులు పోయాయి. లింకర్ అంటే ఏమిటో పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా ఎక్కనిది ఈ రెండు ఎర్రర్లతో ఎక్కుతుంది.

పోయిన సెమిస్టర్‌లో సిలబస్‌లో లేకపోయినా ఒక శనివారం ఇది చేయించాను. ఒక అమ్మాయి లింక్ చేశాక వచ్చిన ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పైథాన్ లేని ఇంకో లైనక్స్ సిస్టం మీద నడిపి చూసింది. నడిచింది. “పైథాన్ లేకుండా ఎలా నడిచింది సార్?” అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

యూనివర్సిటీల వాళ్లు కంపైలర్ ల్యాబ్‌లో ఈ ఒక్క ప్రయోగం చేర్చాలి. అది జరిగేలోగా మీ పేజీలో నాలుగు వారాలు దీనికి చోటిస్తే, పాఠాలు నేను రాసి పంపుతాను.

— ఒక అధ్యాపకుడు, నరసరావుపేట