పాత బోటు మోటార్లు సర్వీసు చేసే మనిషి మా వైపు ఒక్కడూ లేడు

ఎడిటర్ గారికి నమస్కారం సార్,

మాది ముచ్చుమర్రి దగ్గర, శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లలో చేపలు పట్టి బతుకుతాం. ఎక్కడ పడవ బోల్తా పడినా లైఫ్ జాకెట్లు లేవు, జనాన్ని ఎక్కువ ఎక్కించినారు అని పేపర్లో వస్తుంది, అది రాయాల్సిందే, 2007 జనవరిలో మా పక్కనే నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య పడవ మునిగి ఎన్ని కుటుంబాలు కూలిపోయినాయో మాకు తెలుసు. కానీ మామూలు రోజుల్లో పడవ వెనక తగిలించిన మోటారు ఎట్లుంది, ఎట్ల బిగించినారు అని అడిగేవాళ్లే లేరు.

మా నాయన కాలంలో పుట్టి, తెడ్డు, అంతే. నేను కోస్తా నుంచి 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు పాతది కొనుక్కొచ్చినా, అమ్మినాయన కండిషన్ బాగుందన్నాడు, పెయింట్ కూడా కొత్తది. పడవ వెనక చెక్కకు క్లాంపులు రెండూ బిగించి నీళ్లలోకి దించితే, చిన్న అల వచ్చినా మలుపు తిప్పినా ఇంజన్ గోల పెడుతుంది గానీ పడవ ముందుకు కదలదు. నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను అరిగిందేమో అని నెల రోజులు దాని మీదే పడినా. చివరికి టేపు పెట్టి కొలిస్తే, అది 15 ఇంచుల ఎత్తు చెక్కకు చేసిన షార్ట్ షాఫ్ట్ మోటారు, అంటే కింది కాలు పొట్టిది, మా చెక్కేమో 20 ఇంచులు! ఫ్యాను పైన అడ్డంగా ఒక ప్లేటు ఉంటుంది చూడండి, అది పడవ అడుగుకు సమానంగా, లేదా ఒక ఇంచు కిందికి ఉండాల. మాది ఐదు ఇంచులు పైన ఉంది, ఇంక ఫ్యానుకు నీళ్లకు బదులు గాలే అందుతుంది. చెక్క మధ్యలో కోసి మోటారు దింపినాం, వెనక అల లోపలికి రాకుండా ఇంకో అడ్డచెక్క కట్టించినా. క్లాంపులు అదురుకు లూజు అవుతాయి, అందుకే మోటారుకు గొలుసు వేసి పడవకు కట్టినా, ఇది మాత్రం ప్రతి ఒక్కరూ చేసుకోవాల.

అయినా అసలు దెబ్బ తర్వాత తగిలింది. డ్యామ్ నిండితే మునిగే సంగమేశ్వరం గుడి ఇంకా నీళ్లలోనే ఉన్న రోజులు, సాయంత్రం గాలి మొదలైంది, నేనూ మా బామ్మర్దీ వలలు తీసుకొని వస్తున్నాం. మోటారు పక్కనుంచి సన్నగా నీళ్లు చిమ్ముతుంటాయి కదా, అవి ఆగిపోయినాయి. అది ఇంజన్ చల్లబడేదానికి పోయే నీళ్లని నాకు అప్పుడు తెలీదు సార్, తెలిసుంటే వెంటనే ఆపేసేవాణ్ణి. ఐదు నిమిషాల్లో ఇంజన్ పట్టేసింది, తాడు లాగినా కదల్లేదు. ఒక్క తెడ్డుతో ఎదురుగాలికి రెండు గంటలు, బామ్మర్ది ఒక్క మాట మాట్లాడలేదు, వాడికి ఇద్దరు చిన్న పిల్లలు, నాకు వాళ్ల ముఖాలే కనపడినాయి.

మరుసటి రోజు విప్పితే లోపల నీళ్ల పంపులో రబ్బరు చక్రం, దాని రెక్కలు రెండు తెగి పైపులో ఇరుక్కున్నాయి, మిగిలినవి ఎండి ఒక పక్కకే వంగిపోయినాయి. గేరు ఆయిలు పాలు పోసిన టీ లాగ వచ్చింది, అంటే లోపలికి నీళ్లు పోయినాయి. ఫ్యాను పీకితే దాని వెనక నైలాన్ వలదారం, దారపు ఉండ లాగ గట్టిగా చుట్టుకొని, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలును కోసేసింది. వల వేసే మా అందరి మోటార్లకూ ఇదే గతి, నెలకొకసారి ఫ్యాను తీసి చూస్తే చాలు, కానీ చెప్పేవాళ్లు ఏరీ? బైకు మెకానిక్ తమ్ముడు కార్బొరేటర్ చక్కగా కడిగినాడు, పాపం వాడి తప్పు కాదు, గేరు ఆయిలు పై రంధ్రంలోంచి పోసినాడు, సగం గాలే నిలిచిపోయింది. కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పైనుంచి కారేదాకా పోయాలని తర్వాత కాకినాడ వైపు మెకానిక్ ఒకాయన ఫోన్లో చెప్పినాడు. ముందుకు పోయేటప్పుడు మోటారు పైకి లేవకుండా పట్టే లాకు తీసి పెట్టమని కూడా ఆయనే చెప్పినాడు, మా వైపు నీళ్లు దిగేకొద్దీ మునిగిన ఊళ్ల గోడలు, మొద్దులు తగుల్తాయి, అప్పుడు మోటారు తనంతట తాను లేస్తే ఫ్యాను బతుకుతుంది.

మత్స్యశాఖ వాళ్లను మీ పేపర్ ద్వారా అడిగేది ఒకటే సార్. పడవలకు, వలలకు సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషం, దాంతోపాటు తీరం నుంచి తెలిసిన మెకానిక్‌లను పిలిపించి ఏడాదికి ఒకసారి, నీళ్లు నిండకముందు, ఆత్మకూరులోనో కర్నూలులోనో రెండు రోజులు క్యాంపు పెట్టండి. మా ఐటీఐ పిల్లలు నలుగురైదుగురికి నేర్పితే ఊళ్లోనే పని దొరుకుతుంది. పంపు రబ్బరు, సీలు కోసం కోస్తా దాకా పోయే బాధ తప్పేట్టు ఆ స్పేర్లు కర్నూలులో ఒక్క చోట దొరికేట్టు చూడండి.

క్యాంపుకు చోటు మా రేవులోనే ఇస్తాం, నీళ్లు పోసి అందులో మోటారు తిప్పి చూసేదానికి రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు ఇప్పటికే కడిగి పెట్టినాం.

ఇట్లు,
ఒక చేపల పడవ మనిషి,
ముచ్చుమర్రి, పాత కర్నూలు జిల్లా