ఇంప్లాంట్లు ఎముకకు పట్టేదాకా పెద్దవాళ్ళు ఏం తినాలి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీలో చూసినా డెంటల్ ఇంప్లాంట్ బోర్డులే, అంటే పోయిన పళ్ళ చోట దవడ ఎముకలోకి టైటానియం స్క్రూలు బిగించి, వాటి మీద పళ్ళు పెట్టే వైద్యం. పళ్ళన్నీ పోయినవాళ్ళకి అది మంచి వైద్యమే, నేను కాదనను. కానీ స్క్రూలు బిగించిన రోజే పళ్ళు రావు చాలామందికి. టైటానియం ఎముకలో కలిసిపోవడానికి కింది దవడలో సుమారు 3 నెలలు, పై దవడలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ నెలలన్నీ పెద్దవాళ్ళు ఎలా తింటారో ముందే కూర్చోబెట్టి చెప్పే డాక్టర్లు నాకైతే తక్కువే కనిపించారు. ఆ నెలల కోసం తాత్కాలిక ఇంప్లాంట్లు అనేవి ఉన్నాయని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా అత్తయ్యగారి కింది పళ్ళ సెట్టు మొదటి నుంచీ వదులే. పై సెట్టు అంగిలిని పట్టుకుని నిలుస్తుంది, కింది దానికి ఆ ఆధారం ఉండదు, నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముక కూడా అరిగిపోతుంది. ఇంప్లాంట్లు వేశాక కొన్నాళ్ళు అసలు సెట్టే పెట్టుకోవద్దన్నారు, తర్వాత లోపల గీకి మెత్తటి లైనింగ్ వేసిచ్చారు, అది ఇంకా జారేది. ఆవిడ మెత్తటి పప్పన్నం, మజ్జిగన్నం తప్ప ముట్టలేదు, మాట్లాడితే సెట్టు ఊడుతుందని టెన్షన్‌తో పేరంటాలకి వెళ్ళడం కూడా మానేశారు. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి సరిగా తినకపోతే ఇంట్లోవాళ్ళకి ఎంత భయమో చెప్పక్కర్లేదు.

దీనికి తాత్కాలిక ఇంప్లాంట్లు ఉంటాయని మరో డాక్టరుగారు చెప్తేగానీ మాకు తెలియలేదు. మామూలు ఇంప్లాంట్ సుమారు 4 మిల్లీమీటర్ల లావుంటే ఇవి 3 కన్నా సన్నవి, అసలు ఇంప్లాంట్ల మధ్య ఖాళీల్లో అదే రోజు వేసేయొచ్చు. పైన చిన్న గుండు ఉంటుంది, సెట్టు లోపలున్న రబ్బరు రింగు దాని మీద ప్రెస్ బటన్‌లా పట్టుకుంటుంది. నమిలే బరువు చాలావరకు వీటి మీదే పడుతుంది కాబట్టి కింద ఎముకలో కలుస్తున్న అసలు ఇంప్లాంట్లు కదలకుండా ఉంటాయి, సెట్టూ జారదు. పని అయిపోయాక మత్తు ఇంజెక్షన్ ఇచ్చి వీటిని తీసేస్తారు.

అందరికీ కుదరవని కూడా చెప్పాలి. ఎముక మెత్తగా ఉన్నా, వేయడానికి చోటు లేకపోయినా కష్టం, షుగర్ అదుపులో లేకపోతే ఏ ఇంప్లాంట్‌కైనా ఇబ్బందే, సన్నవి కాబట్టి ఒక్కోసారి వదులైపోవచ్చు, విరగొచ్చు, ఖర్చు కూడా పెరుగుతుంది. ఇంకోటి, చాలా ఏళ్ళు ఉంచడానికే వేసే మినీ ఇంప్లాంట్లు కూడా ఉన్నాయి, చూడ్డానికి ఇలాగే ఉంటాయి, అది వేరే వైద్యం. తమకి వేస్తున్నది ఏదో, ఎన్నాళ్ళు ఉంచుతారో కాగితం మీద రాసివ్వమని అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు.

వయసైపోయింది, వదులు సెట్టుతో సర్దుకోవాలి అనే మాట మన ఇళ్ళలో చాలా తేలిగ్గా అనేస్తాం. కింది పళ్ళన్నీ లేనివాళ్ళకి 2 ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటగా ఇవ్వాలని కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో 2002లో నిపుణులు కూర్చుని తేల్చారు. నమలగలగడం పెద్దవాళ్ళ హక్కు అనే నేను అనుకుంటాను.

అందుకే క్లినిక్‌ల వాళ్ళు రేట్లు చెప్పేటప్పుడే ఈ మధ్య నెలల సంగతి కూడా చెప్పాలి. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో డబ్బులేని వృద్ధులకు ఈ తాత్కాలిక ఇంప్లాంట్లు తక్కువ ఖర్చుతో అందేలా ప్రభుత్వం చూడాలి. మీ ఆరోగ్యం పేజీలో ఒక పంటి డాక్టరుగారి చేత దీని గురించి వివరంగా, పెద్ద అక్షరాల్లో రాయించండి, చదవాల్సినవాళ్ళు పెద్దవాళ్ళే కదా.

ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్