సంతకం పెట్టనివాడు, మాట తప్పినవాడు

సంపాదకులకు,

ఆదివారం మీ పాఠకుల లేఖల్లో ఒకరు హాకీ ఆటగాళ్ల మీద విరుచుకుపడ్డారు. కోట్లు ఇస్తామన్నా చాలక ఆట మానేసి కూర్చునేవారికి అభిమానులే బుద్ధి చెప్పాలట. నేను ముప్పై రెండేళ్లు ఓడల సరుకు దించే క్రేను నడిపినవాణ్ణి. పని ఆపి గేటు బయట కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఆ లేఖ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

2018 చలికాలంలో టొరంటోలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. అక్కడి మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టులో విలియం నైలాండర్ పాత ఒప్పందం ముగిసి, కొత్తదాని మీద సంతకం పెట్టలేదు. వాళ్ల లీగు నిబంధన ప్రకారం అలాంటి ఆటగాడు డిసెంబరు 1 సాయంత్రం 5 గంటల్లోగా సంతకం చేయకపోతే ఆ సీజనంతా ఆడే వీలు లేదు. ఆ సాయంత్రం మావాడు ఫోను దించలేదు, కాఫీకి మీగడ కట్టింది. ‘ఇంత దురాశ ఏమిటి నాన్నా’ అన్నాడు. జీతం పెంచలేదని అంతకు నెల ముందే వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవాడు ఆ మాటంటే నవ్వొచ్చింది. మావాడు నచ్చిన గుమ్మం ఎక్కవచ్చు. నైలాండర్‌కు ఆ వీలు లేదు. వేరే జట్టు ఎంత ఇస్తానన్నా, పాత జట్టు అంతే ఇస్తే అక్కడే ఉండిపోవాలి. ఇక అతని చేతిలో మిగిలింది ఆడనని కూర్చోవడమే.

చివరి నిమిషాల్లో ఆరేళ్ల ఒప్పందం కుదిరింది. మిగిలిన 54 మ్యాచుల్లో 7 గోల్సే కొట్టాడు, తిట్లు రెట్టింపయ్యాయి. మరుసటి సీజనులో 31 కొట్టాడు. మావాడు ఇప్పుడు ఆ దురాశ సంగతి ఎత్తడు.

అందరినీ వెనకేసుకు రావడం లేదు. ఒట్టావా జట్టు ఆటగాడు అలెక్సీ యాషిన్ తన ఒప్పందంలో ఇంకా ఏడాది మిగిలి ఉండగానే 1999-2000 సీజనంతా ఆడలేదు. ఆ ఏడాది బాకీ ఆడి తీర్చాల్సిందేనని మధ్యవర్తి తేల్చారు. సబబైన తీర్పే. సంతకం పెట్టి తప్పుకోవడానికీ అసలు పెట్టకపోవడానికీ చాలా తేడా ఉంది.

2010 జనవరిలో మన జాతీయ హాకీ జట్టు పూణె శిబిరంలో బకాయిల కోసం సాధన ఆపింది. ఢిల్లీ ప్రపంచ కప్పు ముంగిట్లో ఉంది. అయినా మల్కాపురంలో మా టీ కొట్టు దగ్గర వాళ్లను ఒక్కరూ దురాశపరులు అనలేదు. అడిగిన సొమ్ము చిన్నదైతే న్యాయం, పెద్దదైతే పాపం అవుతుందా?

టికెట్టు కొన్నవాడి బాధ నాకు తెలియనిది కాదు. 2024 ఫిబ్రవరిలో మా అమ్మాయి కొడుకును ఇక్కడి టెస్టు మ్యాచుకు తీసుకెళ్లాను. వ్యక్తిగత కారణాలతో కోహ్లి ఆడలేదు. పిల్లవాడు ముఖం ముడుచుకున్నాడు, జైస్వాల్ 209 కొట్టేసరికి ఆ సంగతే మరిచిపోయాడు.

ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడు ఆటగాడు అడిగిన సొమ్ముతో పాటు, అతను సంతకం పెట్టిన ఒప్పందం అమల్లో ఉందా లేదా అన్నది కూడా ఒక వాక్యంలో రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత క్రేను ఆపరేటరు,
మల్కాపురం, విశాఖపట్నం